పశువును చెంబుతో కొలవకండి

మా గోదావరిఖనిలో గని కొలువు ముగించి నాలుగు ఆవులు పెంచుదామనుకునేవారికి అందరూ ఇచ్చే సలహా ఒకటే: హోల్‌స్టీన్ సంకరం కొనమని. నేనొప్పుకోను. ఎండ 45 డిగ్రీలకు చేరే రామగుండంలో ఆ చలిదేశపు రక్తం ఎంత ఎక్కువైతే మేతా, పాలూ అంత తగ్గుతాయి. చూలు నిలవడమూ కష్టమే. ఫ్యాన్లకు, దాణాకు, మందులకు పోసిన సొమ్మును పాల లెక్కలో రాయరెందుకు?

నల్లమలలోని అమ్రాబాద్ ప్రాంతపు పొడ తూర్పు జాతికి 2020లో జాతీయస్థాయి గుర్తింపు లభించింది. గుట్టల్లో మేసి బతుకుతుంది, దుక్కికి గట్టి ఎద్దునిస్తుంది. పాలు తక్కువే, నిజం. కాని ఎరువూ, దుక్కీ లాభం కావా? వేడికి తాళుతుందనే కదా, మన ఒంగోలు సంతతిని బ్రెజిల్ నెలోర్ పేరిట కోట్లలో పెంచుతున్నది!

కాదనే మిత్రులు మే నెల మధ్యాహ్నం మా ఊరి కొట్టంలో ఒక్క గంట నిలబడి, ఆపై వాదించగలరు.