గెంతే సైకిలుకు గొలుసు ఎట్లాంటిది ఉండాలి?

పిల్లలూ!

సైకిలు తొక్కటం మీలో చాలామందికి వచ్చు. కాని సైకిలుతో గెంతటం ఎంతమందికి వచ్చు? వెనక చక్రం మీద నిలబడి, ఒక బండ మీది నుంచి ఇంకో బండ మీదికి, అక్కణ్ణించి దుంగ మీదికి కప్పలాగా గెంతుతూ పోవాలి. కాలు నేలకు ఆనిందో, తప్పు కింద లెక్క! ఈ ఆట పేరు ట్రయల్స్.

మొదట ఇది మోటారు సైకిళ్ళ ఆట. స్పెయిన్ దేశంలోని కటలోనియాలో పేరే పీ అనే పేరుపడ్డ మోటారు సైకిలు ఆటగాడు ఉండేవాడు. తండ్రి మోటారు సైకిలు మీద చేసే విన్యాసాలన్నీ ఆయన కొడుకు ఓట్ పీ మామూలు సైకిలు మీద చెయ్యబోయాడు. అట్లాంటి పిల్లల కోసం 1980 ప్రాంతంలో అక్కడ ప్రత్యేకంగా సైకిళ్ళు తయారుచేశారు. ఆ ఆటకు 'ట్రయల్‌సిన్' అని పేరు వచ్చింది. స్పానిష్ భాషలో 'సిన్' అంటే 'లేకుండా' అని అర్థం. అంటే మోటారు లేని ట్రయల్స్ అన్నమాట. ఓట్ పీ పెద్దవాడై ప్రపంచ విజేత కూడా అయాడు. 2009లో స్కాట్లండు యువకుడు డానీ మెకాస్కిల్ ఎడింబరో నగరంలో మొనదేలిన ఇనప చువ్వల కంచె మీద సైకిలు నడిపిన వీడియో వచ్చింది. దాన్ని లోకమంతా చూసి ముక్కు మీద వేలు వేసుకున్నది.

ఇట్లాంటివి చూస్తే మీకూ గెంతాలనిపిస్తుంది. మంచిదే. కాని గెంతే ముందు ఒక వస్తువును చూసుకోవాలి. అది రంగు కాదు, టైరు కూడా కాదు, గొలుసు. మనం వాడుకలో చైను అంటామే, అదే!

గొలుసు తెగితే ఏమవుతుంది? బజారుకు పోతూ ఉండగా తెగితే సైకిలు దిగి నడిపించుకుంటూ వస్తాం, అంతే. ట్రయల్స్‌లో అట్లా కాదు. గెంతబోయేవాడు తన బలమంతా ఒక్క పెడలు మీద పెడతాడు. సరిగ్గా ఆ క్షణంలో గొలుసు తెగిందనుకోండి. చీకట్లో మెట్టు ఉందనుకుని కాలు వేస్తే అక్కడ మెట్టు లేకపోతే ఎట్లా ఉంటుందో అట్లా అవుతుంది. పెడలు చటుక్కున కిందికి పోతుంది. మోకాలు హాండిలుకు, గడ్డం బండకు తగలవచ్చు.

సరే, గొలుసు మీద ఎంత లాగుడు పడుతుందో లెక్క వేద్దాం. లెక్క అనగానే భయపడకండి, ఇది తేలికే.

పెద్ద బండను గునపంతో లేపటం మీరు చూసే ఉంటారు. గునపం ఎంత పొడుగైతే బండ అంత సులువుగా లేస్తుంది. పెడలు బిగించిన కడ్డీ కూడా ఇట్లాంటి గునపమే. దాన్ని క్రాంకు అంటారు. మామూలు ఇంటి సైకిలుకు క్రాంకు పొడుగు సుమారు 16.5 సెంటీమీటర్లు. ముందున్న పళ్ళ చక్రానికి సాధారణంగా 44 పళ్ళు ఉంటాయి. ఆ చక్రం మధ్య నుంచి గొలుసు దాకా సుమారు 9 సెంటీమీటర్లు. 16.5ను 9తో భాగిస్తే సుమారు 1.83 వస్తుంది. అంటే 40 కిలోల పిల్లవాడు పెడలు మీద నిలబడితే గొలుసు మీద సుమారు 73 కిలోల లాగుడు పడుతుంది.

ఇప్పుడు ట్రయల్స్ సైకిలు చూడండి. దాని ముందు చక్రానికి తరచుగా 18 పళ్ళే ఉంటాయి. చక్రం చిన్నదైతే కింద బండలకు తగలదు. పైగా వెనక చక్రం నెమ్మదిగా, గట్టిగా తిరుగుతుంది. వెనక 15 పళ్ళు ఉంటే పెడలు ఒక చుట్టు తిరిగేసరికి వెనక చక్రం 1.2 చుట్లు మాత్రమే తిరుగుతుంది. మామూలు సైకిలుకు ముందు 44, వెనక 18 పళ్ళు ఉంటే దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. కాని ఈ సుఖం ఊరికే రాదు. 18 పళ్ళ చక్రం మధ్య నుంచి గొలుసు దాకా 3.6 సెంటీమీటర్లే. క్రాంకు 17 సెంటీమీటర్లు అనుకుందాం. భాగించండి: దాదాపు 4.7! అదే 40 కిలోల పిల్లవాడు నిలబడితే గొలుసు మీద పడే లాగుడు సుమారు 188 కిలోలు. 70 కిలోల పెద్దవాడైతే సుమారు 330 కిలోలు. ఊరికే నిలబడితేనే ఇంత. హాండిలు పైకి లాగి పట్టుకుని పెడలును ఒక్క ఊపున తొక్కితే ఇంకా ఎక్కువ.

చూశారా! పళ్ళ చక్రం చిన్నదయ్యేకొద్దీ గొలుసు కష్టం పెరుగుతుంది. చిన్న సైకిలుకు చిన్న గొలుసు చాలునని అనుకోవటం అందుకే పొరపాటు.

మనం ఇప్పుడు వాడే గొలుసుకు మూలపురుషుడు హాన్స్ రెనాల్డ్. ఆయన స్విట్జర్లండులో పుట్టి, ఇంగ్లండులోని మాంచెస్టరుకు వచ్చి స్థిరపడి, 1880లో ఈ గొలుసుకు పేటెంటు తీసుకున్నాడు. ఒక గొలుసు ముక్కను దగ్గరగా చూడండి. అటూ ఇటూ పలకలు, వాటిని కలుపుతూ అడ్డంగా పిన్ను, పిన్ను చుట్టూ తిరిగే చిన్న రోలరు కనిపిస్తాయి. పళ్ళకు ఒరుసుకోకుండా దొర్లటమే రోలరు పని. ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు దూరం సరిగ్గా అర అంగుళం.

సైకిలు గొలుసు సుమారు 800 కిలోల లాగుడుకు తట్టుకోవాలని అంతర్జాతీయ ప్రమాణం ఉన్నది. మనం వేసిన లెక్కలో 330 కిలోలే కదా, మరి గొలుసులు ఎందుకు తెగుతున్నాయి? కట్టుతీగను చేత్తో లాగి తెంచలేరు. కాని అటూ ఇటూ పదే పదే వంచితే పుటుక్కున తెగుతుంది. లోహానికీ అలసట ఉంది. ట్రయల్స్ గొలుసుకు తగిలేది ఒక్క పెద్ద లాగుడు కాదు, వేల కుదుపులు. దానికి తోడు ముందు చక్రం, వెనక చక్రం ఒకే వరసలో లేకపోతే గొలుసు పక్కకు మెలితిరిగి, పలక పిన్ను చివర నుంచి ఊడివస్తుంది. వంద లింకులు గట్టిగా ఉండి ఒక్కటి బలహీనమైతే, గొలుసు బలమంతా ఆ ఒక్కదాని బలమే.

కాబట్టి గొలుసు కొనేటప్పుడు ఇవి చూసుకోండి.

మొదటిది వెడల్పు. గేర్లు లేని సైకిలు గొలుసు లోపలి వెడల్పు సాధారణంగా అంగుళంలో 8వ వంతు. గేర్ల సైకిలు గొలుసు ఇంతకన్న సన్నం. సన్నని గొలుసు మందపాటి పళ్ళ మీద కూర్చోదు. ట్రయల్స్ సైకిలుకు ఒకటే గేరు ఉంటే గేర్లు లేని సైకిలుకని చేసిన గొలుసే కొనండి. గేర్ల గొలుసుకు పిన్నుల చివరలు పలకలతో దాదాపు సమంగా ఉంటాయి. రెండో రకానికి పిన్ను కాస్త బయటికి వచ్చి, పలకను గట్టిగా పట్టుకుంటుంది.

రెండోది బరువు. పలకలకు చిల్లులు పెట్టి, పిన్నులను బోలుగా చేసి తేలిక చేసిన గొలుసులు అమ్ముతారు. చూడటానికి ముచ్చటగా ఉంటాయి. గెంతేవాడికి ఆ ముచ్చట అవసరం లేదు. నిండు పలక, నిండు పిన్ను ఉన్నదే నయం.

మూడోది అతుకు. ఇది అన్నిటికన్న ముఖ్యం. గొలుసు పొడుగు తగ్గించటానికి పిన్నును బయటికి తోసి, మళ్ళీ అదే పిన్నును లోపలికి కొట్టి బిగిస్తారు కొందరు. అప్పటికే ఆ చిల్లు వదులై ఉంటుంది, పిన్ను పట్టు పోయి ఉంటుంది. ఆ గొలుసు సాధారణంగా తెగేది అక్కడే. తయారుచేసినవారు ఇచ్చిన కొత్త పిన్నుతో గాని, ఆ గొలుసుకే సరిపోయే అతుకు లింకుతో గాని కలపమని మెకానిక్కును అడగండి.

కొన్ని అతుకు లింకులకు స్ప్రింగు క్లిప్పు ఉంటుంది. అది చేప ఆకారంలో ఉంటుంది: మూసి ఉన్న వైపు తల, చీలి ఉన్న వైపు తోక. చేప ముందుకే ఈదుతుంది కదా! గొలుసు పోయే దిక్కుకే తల ఉండాలి. తిరగబడితే దేనికైనా తగిలి క్లిప్పు ఊడిపోతుంది. ట్రయల్స్‌లో గొలుసు బండలకు తగలటం మామూలే గనక, క్లిప్పు లేని అతుకే మేలు.

గొలుసు కొన్నంత మాత్రాన పని అయిపోలేదు. వాడేకొద్దీ అది 'సాగిందని' అంటాం. నిజానికి ఇనుము సాగలేదు; పిన్ను ఉన్న ప్రతి కీలూ కొద్దికొద్దిగా అరిగింది. మీ స్కేలుతో దీన్ని కొలవవచ్చు. 24 లింకులు కొత్తగా ఉన్నప్పుడు సరిగ్గా 12 అంగుళాలు ఉంటాయి. ఒక పిన్ను మధ్యలో స్కేలు సున్న పెట్టి, ఆ తరువాత 24వ పిన్ను ఎక్కడ పడిందో చూడండి. 12 అంగుళాల మీద 16వ వంతు దాటితే గొలుసు మార్చే వేళ అయిందన్నమాట. 8వ వంతు దాటితే అది పళ్ళను కూడా పాడు చేస్తూ ఉంటుంది. 16వ వంతు అంగుళాన్ని 24 కీళ్ళకు పంచి చూడండి: ఒక్కొక్క కీలు అరిగింది కాగితం మందం కూడా కాదు!

కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త. సైకిలు కదలకుండా ఉండాలి, చక్రాన్ని పెద్దవాళ్ళెవరైనా పట్టుకోవాలి. చాలా ట్రయల్స్ సైకిళ్ళకు ఫ్రీవీలు ముందువైపు ఉంటుంది. అట్లాంటి సైకిలులో పెడలు ఆగినా, చక్రం తిరిగినంతసేపూ గొలుసు తిరుగుతూనే ఉంటుంది. వేలు పెట్టారో, నలిగిపోతుంది!

గెంతటానికి పోయే ముందు ప్రతిసారీ గొలుసంతా ఒకసారి చూడండి. పలక వంగిందా? పగులు కనిపిస్తున్నదా? పిన్ను ఒక పక్కకు పొడుచుకు వచ్చిందా? ఏ లింకైనా వంగనని మొరాయిస్తున్నదా? ఒక్కటి కనిపించినా ఆ రోజుకు ఆట మానెయ్యండి.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. పిల్లలు గెంతాలని సరదాపడితే కోప్పడకండి. కాని ఇంటి సైకిలు అందుకు చేసింది కాదు. దాని మీద అరుగుల మీది నుంచి దూకనివ్వకండి. ట్రయల్స్ సైకిలు కొంటే మటుకు, రంగులకు పెట్టే డబ్బు తగ్గించి మంచి గొలుసుకూ హెల్మెట్‌కూ పెట్టండి. పాత సైకిలు కొంటే గొలుసు ఎట్లా ఉన్నా కొత్తది వేయించండి. అది ఎన్ని గెంతులు గెంతిందో, ఎవరు ఎట్లా అతికారో మనకు తెలియదు కదా!

పిల్లలూ, ఇప్పుడు మీకొక లెక్క. 18 పళ్ళ చక్రం బదులు 22 పళ్ళది వేశాం. క్రాంకు అదే 17 సెంటీమీటర్లు, పిల్లవాడు అదే 40 కిలోలు. 22 పళ్ళ చక్రం మధ్య నుంచి గొలుసు దాకా 4.45 సెంటీమీటర్లు. గొలుసు మీద లాగుడు ఎన్ని కిలోలు తగ్గుతుంది? చేసి ఉంచండి. జవాబు వచ్చే నెల చెప్పుకుందాం. ఈలోగా మీ ఇంటి సైకిలు గొలుసు కొలవటం మరిచిపోకండి!