పరుగెత్తి ఫోటో దిగితే హెచ్‌ఐవి ఆగదు



మన టోర్నమెంటులో ఆటతోబాటు హెచ్‌ఐవి గురించి కూడా చెబుదామంటే గ్రూపులో మూడు అభ్యంతరాలు వచ్చాయి. డిసెంబరు 1న పరుగు పెడతారు కదా, చాలదా? మన పిల్లకాయలు అట్లాంటోళ్ళా? గ్రౌండులో ఆ మాటలేంది? మూడింటికీ నా జవాబు ఇది.

రెడ్ రన్ వద్దని నేననను. కానీ పరుగెత్తి వచ్చిన పిల్లవాణ్ణి ఆపి, హెచ్‌ఐవి ఎట్లా సోకుతుందో అడగండి. టీషర్టు మీది ఎర్ర రిబ్బను చూపిస్తాడు. అది ప్రచారం, పాఠం కాదు. 2007లో రెడ్ రిబ్బన్ ఎక్స్‌ప్రెస్ బయలుదేరి దేశమంతా తిరిగింది. మంచి పనే. అయితే రైలు వస్తుంది, పోతుంది. కోచ్ రేపు సాయంత్రం కూడా గ్రౌండులోనే ఉంటాడు.

జింబాబ్వేలోని బులవాయోలో 2002లో ఫుట్‌బాల్ ఆటగాళ్ళే గ్రాస్‌రూట్ సాకర్ మొదలుపెట్టారు. వాళ్ళు గ్రౌండులో కోన్‌లు పెడతారు. ఒక్కో కోన్ ఒక్కో అపాయం: కండోమ్ లేని సంబంధం, ఎక్కువమందితో సంబంధాలు, తాగిన మత్తు. బంతి తగలకుండా నడపాలి. తగిలితే మొదట ఆడినవాడే పుషప్ తీయాలి. తర్వాత వాడి జట్టు కూడా తీయాలి. ఒకడికి వచ్చింది ఎంతమందికి బరువో ఉపన్యాసం లేకుండానే తెలుస్తుంది.

ఇంక మన పిల్లల సంగతి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూశారు. అప్పటినుంచి వయసు పిల్లలు మారికుప్పంలో, బంగారుపేటలో చీకటితోనే రైలెక్కి బెంగళూరు పోతున్నారు. కొందరు అక్కడే రూము తీసుకున్నారు. చేతిలో జీతముంది, పక్కన పెద్దలు లేరు. వాళ్ళు చెడ్డోళ్ళని నేననడం లేదు. వాళ్ళకు ఎవరూ చెప్పలేదంటున్నాను.

సిగ్గంటారా? నేను తమిళ మీడియంలో చదివాను. ఆ పాఠం రాగానే మా సారు ఇంట్లో చదువుకోమని పేజీ తిప్పేశారు. ఇంట్లో ఎవరు చెబుతారు? 2007లో కర్ణాటకతోబాటు కొన్ని రాష్ట్రాలు బడుల్లో లైంగిక విద్యను ఆపేశాయి. బడి చెప్పక, ఇల్లు చెప్పక, గ్రౌండూ చెప్పకపోతే ఫోనులో చెత్త వీడియోలే గురువులు.

భయం కూడా పోవాలి. చెమటతో, ఒకే సీసా నీళ్ళతో, జెర్సీ మార్చుకుంటే హెచ్‌ఐవి సోకదు. మందులు 2004 నుంచి ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. సోకినవాళ్ళపై వివక్షను 2017 చట్టం నిషేధించింది. అట్లాంటి పిల్లవాణ్ణి టీములోనుంచి తీసేస్తే తప్పు మనది.

ఆట ఒక్కటే చాలదు, ఒప్పుకుంటాను. పరీక్షకు దారి చూపాలి. అందుకే నేనడిగేది ఇంతే: ప్రభుత్వాసుపత్రి కౌన్సిలరును పిలిచి ముందు మన కోచ్‌లకు నేర్పిద్దాం. ప్రతి ఆదివారం ప్రాక్టీసులో అరగంట, అబ్బాయిలకూ అమ్మాయిలకూ. స్కోరుబోర్డు పక్కన 1097 హెల్ప్‌లైను నంబరు రాయిద్దాం. డబ్బు చాలదంటే కప్పు సైజు తగ్గించండి.

వచ్చే మీటింగులో దీన్ని ఓటుకు పెట్టండి. వద్దనేవాళ్ళు లేచి నిలబడి, మరి పిల్లలకు ఎవరు చెబుతారో చెప్పి కూర్చోవాలి.