సీటీఆర్ఐ నంబరు ఏదండీ?

కొడుకు కండరాలు రోజురోజుకీ కరిగిపోతుంటే చూస్తున్న తండ్రికి ఎకరం ఓ లెక్కా? అమ్మేస్తాడు. ఆ సంగతి తెలిసే స్టెమ్ సెల్ (మూలకణ) క్లినిక్కుల వాళ్ళు పెద్ద ఊళ్ళలో బోర్డులు కట్టి కూర్చున్నారు. ‘ఒక్క సిట్టింగుతో అవదండీ, మూడైనా పడాలి’ అంటారు. మూడో సిట్టింగుకి పుస్తెలతాడు కూడా బ్యాంకులోకి చేరుతుంది. ఇది వైద్యమా, దోపిడీనా?

వీళ్ళు ఎవరి పేరు వాడుకుంటున్నారో చూడండి. 2006లో జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనాక ఎలుక చర్మకణంలోకి నాలుగు జన్యువులు పంపి, దాన్ని పిండదశ కణంలాంటిదిగా మార్చాడు. మరుసటేడు మనిషి కణంతోనూ సాధించాడు, 2012లో నోబెల్ అందుకున్నాడు. ఆ నాలుగింటిలో సి-మిక్ అనేది క్యాన్సర్‌కి దారితీయగల జన్యువు. అందుకే అక్కడ అంత భయం, అంత జాగ్రత్త. 2014లో కోబేలో మసాయో తకహాషి బృందం ఆ పద్ధతిలోనే ఓ వృద్ధురాలి చర్మం నుంచి పెంచిన రెటీనా పొరను ఆమె కంట్లోనే అతికించింది. రెండో రోగి కోసం పెంచిన కణాల్లో జన్యుమార్పులు కనబడగానే ఆపరేషన్ మానేసింది. క్యోటోలో ఇలాంటి కణాలతోనే పార్కిన్సన్స్ ట్రయల్ 2018లో మొదలైతే, ఏడుగురి ఫలితాలు అచ్చులోకి వచ్చేసరికి 2025 అయింది.

మరి మన దగ్గరో? తుంటి ఎముకలోంచి మూలుగ లాగి, లేదా పొట్ట కొవ్వు పీల్చి, మిషన్లో గిర్రున తిప్పి, వెన్నులోకి సూది. యమనాక కణాన్ని తిరగరాసిన పనికీ దీనికీ ఏ సంబంధమూ లేదు! భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు కొన్ని రక్తవ్యాధులకు చేసే మూలుగ మార్పిడిని తప్ప మరి దేన్నీ మామూలు వైద్యంగా ఒప్పుకోలేదు. ఆటిజానికి స్టెమ్ సెల్ వైద్యం వద్దని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. ఎవడు విన్నాడు?

మనవాళ్ళకి చేతకాక కాదు. సున్నం ప్యాకెట్ చిట్లి కంట్లో పడితే పిల్లల నల్లగుడ్డు తెల్లబడిపోతుంది. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో మంచి కంటి నల్లగుడ్డు అంచు నుంచి మూలకణాలున్న రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, చిన్నచిన్న తునకలు చేసి, పాడైన కంటిమీద నాటే పద్ధతి కనిపెట్టారు. 2012లో దాన్ని పత్రికలో ప్రకటించారు. నలుగురూ పరీక్షించుకోవడానికి లెక్కలు బయటపెట్టారు. క్లినిక్కు బోర్డు వెనక లెక్కలేవీ?

మా వడ్లమూడి విజ్ఞాన్ యూనివర్సిటీలో బయోటెక్నాలజీ చదివే పిల్లలారా, చేబ్రోలు, తెనాలి చుట్టుపక్కల ఊళ్ళలో మీ నోటితో ఈ మాట చెప్పండి. తల్లిదండ్రులూ, అడ్వాన్సు కట్టేముందు రెండే అడగండి: ‘క్లినికల్ ట్రయళ్ళు నమోదయ్యే సీటీఆర్ఐలో ఈ ట్రయల్ నంబరు ఎంత? ట్రయలే అయితే నా దగ్గర డబ్బెందుకు తీసుకుంటున్నారు?’ నీళ్ళు నమిలితే, పిల్లాణ్ణి ఎత్తుకుని బయటికి వచ్చేయండి.