సికింద్రాబాద్ జ్వరం అని ఎందుకు అనం?



పట్టిసీమ రేవులో పడవెక్కేవాళ్ళకి ఒడ్డున ఉన్నవాళ్ళు ఒక జాగ్రత్త చెప్తారు: "పైకెళ్తన్నారు, రాత్రి ఉండకండి బాబూ, మన్యం జ్వరం తగులుద్ది." పైకి అంటే పోలవరం దాటి, కొండల్లోకి. చెప్పేవాళ్ళది చెడ్డ మనసేమీ కాదు. శివరాత్రికి వీరభద్రుడి గుడికొచ్చే జనానికి మంచినీళ్ళు పోసే మనుషులే. నా పేచీ వాళ్ళతో కాదు, ఆ పేరుతో.

తెలుగులో మలేరియాకి రెండు పాత పేర్లున్నాయి. ఒకటి చలిజ్వరం. ముందు పళ్ళు టకటకలాడే చలి, దుప్పటి మీద దుప్పటి కప్పినా ఆగని వణుకు, తర్వాత ఒళ్ళు కాలడం, తర్వాత చెమట. ఒకరోజు విడిచి మళ్ళీ అదే వరస. ఆ పేరు పెట్టింది జ్వరం పడ్డవాడు. రెండోది మన్యం జ్వరం. ఇది పెట్టింది ఆ కొండలకి పనిమీద వెళ్ళి, తిరిగొచ్చి, కింద కూర్చుని మాట్లాడినవాడు. కోయలూ కొండరెడ్లూ ఉండేదే మన్యంలో. తమ ఒంట్లో వణుకుకి తమ ఊరి పేరు ఎవరు పెట్టుకుంటారు?

'ఏజెన్సీ జ్వరం' అని కూడా అంటాం, చదువుకున్నవాళ్ళం కాబట్టి. ఏజెన్సీ అనే మాట ఎక్కడిదో చూడండి. 1839 చట్టంతో గంజాం, విశాఖ కొండ ప్రాంతాలను గవర్నర్ ఏజెంటు చేతిలో పెట్టారు. ఏజెంటు ఏలే నేల ఏజెన్సీ అయింది. అడవి మీద, కల్లు మీద పడ్డ పన్నులకు రంప 1879లో తిరగబడితే, అణచడానికి వెళ్ళిన సిపాయిలు జ్వరాలతో మంచాన పడ్డారు. పాలించడానికి వెళ్ళినవాడి భయం ఆ నేలకి మచ్చగా మిగిలింది. మచ్చ మోస్తున్నది మాత్రం అక్కడి మనిషి.

ఇప్పుడు శీర్షికకి వస్తాను. మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగుతుందని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897 ఆగస్టు 20న, సికింద్రాబాద్‌లో. మన్యంలో కాదు, కంటోన్మెంటులో. హుసేన్ ఖాన్ అనే రోగిని దోమలచేత కుట్టించి, దోమకింత అని అణాల్లో లెక్కగట్టి ఇచ్చాడు. రాస్‌కి 1902లో నోబెల్ వచ్చింది. రోగీ, దోమా, రుజువూ అన్నీ అక్కడివే. అయినా నూటపాతికేళ్ళలో ఎవరూ దాన్ని సికింద్రాబాద్ జ్వరం అనలేదు. అనకూడదు కూడా. మరి మన్యం ఏం పాపం చేసింది?

మలేరియా అన్న మాటా తప్పుడు పేరే. ఇటలీ భాషలో చెడ్డ గాలి అని అర్థం. కానీ అది గాలిని తిట్టింది, మనుషుల్ని కాదు.

మనకి ఈ పద్ధతి కొత్త కాదు. ఊరి మురుగంతా వచ్చి చేరే చోట మనకి ఇళ్ళ స్థలాలు చూపించి, ఆనక దానికి 'మురికివాడ' అని పేరు పెట్టినవాళ్ళ భాషే ఇది. మురుగు ఎవరిదో పేరులో ఉండదు. అక్కరకొచ్చేవాటికి మాత్రం ఈ సూత్రం వర్తించదు. పాపికొండల మధ్యనుంచి దిగిన గోదారినే 2015 నుంచి పట్టిసీమ పంపులు ఎత్తి కృష్ణా డెల్టాకి పంపుతున్నాయి. ఆ నీళ్ళతో పండిన అన్నాన్ని మన్యం బియ్యం అని ఎవరూ పక్కన పెట్టరు.

నా విద్యార్థి ఒకడు, కోయ కుర్రాడు, జ్వరంతో పడితే హాస్టల్లో "మన్యం జ్వరం మోసుకొచ్చాడు" అని గది ఖాళీ చేశారు. వాడు ఊరెళ్ళి రెండు నెలలైంది. రక్తపరీక్ష చేయిస్తే డెంగీ. ఆ దోమ మన టౌన్ల డ్రమ్ముల్లో, కూలర్లలో పెరిగేది. "మా ఊళ్ళో కూడా ఎవరూ నన్నిలా వదిలెయ్యరు మేడమ్" అన్నాడు.

ఇంకో పేరుంది, అది వీటన్నిటికంటే ప్రమాదం: విషజ్వరం. ప్రతి వర్షాకాలం పత్రికల్లో చూస్తాం, 'ఏజెన్సీలో విషజ్వరాలు'. ఏ ల్యాబ్ రిపోర్టులోనైనా ఈ మాట చూశారా? అక్కడ వైవాక్స్ అనో ఫాల్సిపారమ్ అనో ఉంటుంది. వేలి చివర ఒక్క రక్తపు చుక్క, ర్యాపిడ్ కిట్, పావుగంట, అరగంటలో తేలిపోతుంది. ఫాల్సిపారమ్ అని తేలితే మూడు రోజుల మాత్రల కోర్సు ఉంది. ఇంత తేలిక పరీక్ష ఉన్న రోజుల్లో ఒక ఆశ్రమ పాఠశాల పిల్ల విషజ్వరంతో చనిపోయిందని రాస్తే, దానర్థం పరీక్ష చెయ్యలేదనో, చేసింది బయటికి చెప్పలేదనో. 2030కల్లా మలేరియా లేకుండా చేస్తామని మన దేశం లక్ష్యం పెట్టుకుంది. సున్నా చూపించాల్సిన కాగితానికి, ఏ లెక్కలోకీ రాని పేరుకంటే అనుకూలమైనది ఏముంటుంది?

రోగాలకు ప్రాంతాల పేర్లు, మనుషుల పేర్లు, భయపెట్టే పేర్లు పెట్టొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. ఆ పద్ధతి ప్రకారమే కోవిడ్‌కి ఊరు పేరు లేకుండా చూశారు. మన న్యూస్ డెస్కులకి ఆ కాగితం ఇంకా చేరినట్టు లేదు.

జర్నలిజం చదువుతున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక పని చెప్తాను. ఈ వర్షాకాలం విషజ్వరం వార్త కనబడితే రాసిన విలేకరికి ఫోన్ చెయ్యండి. పిల్ల పేరు, ఊరు ఉన్నాయి కదా, రక్తం ఎప్పుడు తీశారు, ఏం తేలింది, మాత్రలు ఏ రోజు ఇచ్చారు అని అడగండి. జవాబు లేకపోతే అదే ప్రశ్న పీహెచ్‌సీకి ఆర్టీఐ కింద పంపండి.