ఉపకులపతి గారికి ఒక లెక్కల మాస్టారి లేఖ

తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ఉపకులపతి గారికి,

అయ్యా,

గుంటూరు జిల్లా యాజలిలో 1921లో పుట్టిన ఎం.వి. సుబ్బారావు గారు మీ విశ్వవిద్యాలయంలో గణిత పాఠాలు చెప్పినవారు. 1963లో కెనడాలోని ఆల్బర్టాకు వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. ఆయన పేరిట ఏటా ఒక స్మారకోపన్యాసం, దాన్ని ఆనుకుని మూడు రోజుల సంఖ్యాసిద్ధాంత కార్యశాల జరిపించండి.

శాలువాలతో పూట గడిచిపోయే సభ వద్దు. నల్లబల్ల, సుద్దముక్క చాలు. 60 వేయండి. దాన్ని రెండు సంఖ్యల లబ్ధంగా, ఆ రెండింటికీ 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేకుండా విడగొడితే వచ్చేవి, 60ని వదిలేస్తే, 1, 3, 4, 5, 12, 15, 20. కూడండి, మళ్లీ 60! సుబ్బారావు గారు 1966లో వారెన్ అనే సహరచయితతో కలిసి రాసిన పత్రం ఇలాంటి సంఖ్యల మీదే. ఇప్పటికి దొరికినవి అయిదే. ఆరోది ఉందో లేదో ఎవరూ తేల్చలేదు.

డిగ్రీ పిల్లలనూ పిలవండి. ఉపన్యాసం తెలుగులో పెట్టించండి.

ఇట్లు,
ఒక లెక్కల మాస్టారు