ఆ వీడియోలో పాపకి చదువు రాక కాదు, పక్కన కూచొని చదివించినోళ్లు లేక

 

కొంచెం పొడుగు పోస్ట్. మెస్ బెల్లు కొట్టేలోపు అయిపోతదనుకొని మొదలుపెట్టిన, అయ్యేటట్టు లేదు. కోపం మీదనే రాస్తున్న, ముందే చెప్తున్న.

పోయిన వారం మన గ్రూపులో ఒక వీడియో తిరిగింది. ఆశ్రమ పాఠశాల, ఐదో తరగతి పాప. తెలుగు పుస్తకం చేతికిచ్చి చదవమంటున్నరు. పాప ఒక్కో అక్షరం కూడబలుక్కుంటది, ఆగుతది, కెమెరా దిక్కు చూస్తది. వెనక ఎవరో నవ్వుతున్నరు. కింద కామెంట్లు రాసింది బయటోళ్లు కాదు, మనోళ్లే. "ఇదీ మన పిల్లల పరిస్థితి", "సార్లు జీతాలు తీసుకొని పడుకుంటరు", "ఇట్లాంటోళ్లకి రేపు ఉద్యోగం ఎవడిస్తడు". సర్కారుని నిలదీసినం అనుకున్నరు. నిలబెట్టింది సర్కారుని కాదు, పదేండ్ల పాపని. షేర్ చేసినోళ్లల్ల ఒక్కరన్నా సొంత గూడెంల ఒక పిల్లని పక్కన కూచోబెట్టుకొని 20 నిమిషాలు చదివించిన్రా?

నాకెందుకు ఇంత మండుతుందంటే, ఆ పాపని నేనే. మా ఇంట్ల నాకంటె ముందు బడి గడప తొక్కినోళ్లు లేరు. ఐదో తరగతి అయిపోయేదాకా నాకు చదవడం రాదు. ఆ సంగతి ఎవరికీ తెల్వదు. మా క్లాసుల అందరం ఒకేసారి చదివేవాళ్లం. సార్ ఒక వాక్యం అంటే మేమంతా ఆ వాక్యం అనుడు. అందరికంటె గట్టిగ అరిచేది నేనే. పాఠం మొత్తం నోటికొచ్చు. పుస్తకం తలకిందులు పట్టుకున్నా ఒక్క ముక్క తప్పు పోయేది కాదు. తనిఖీకి వచ్చినోళ్లు మెచ్చుకొని పోయిన్రు గూడ!

అందుకే ఈ గుంపు చదువు అంటే నాకు పడదు. బయటికి క్లాసంతా చదువుతున్నట్టే వినిపిస్తది. నిజానికి ఓ పది మంది చదువుతుంటరు, మిగిలినోళ్లు వాళ్ల గొంతు వెనక దాక్కుంటరు. దాక్కున్న పిల్ల మంచిగనే ఉంటది, అల్లరి చెయ్యదు, కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఏ పిల్లకి ఏ మాట కాడ ఆగుతుందో తెల్వాలంటే ఆ పిల్ల ఒక్కతే చదవాలి, ఒకరు పక్కన కూచొని వినాలి. 40 మందితోటి ఒక్కసారే అది కాదు. నలుగురితోటి అయితది.

ఆ వీడియోల పాపకి రానిది ఏందో ఎవరన్నా చూసిన్రా? అక్షరాలు వచ్చు. గుణింతాలు వచ్చు. వత్తుల దగ్గర తడబడుతది కానీ దాటుతది. రానిది ధారాళం. ఒక్కో అక్షరం పట్టుకొని మాట కట్టేసరికి బుర్రంతా ఆ పనికే అయిపోతది, వాక్యం చివరికి వచ్చేసరికి మొదట్ల ఏముందో గుర్తుండదు. అర్థం చేసుకోవడానికి ఇంక జాగ లేదు. అది తెలివి తక్కువ కాదు. సాధన తక్కువ. ఈ రెండింటికి తేడా తెల్వనోళ్లే "మొద్దు" అంటరు.

సర్కారుకి గూడ ఈ సంగతి తెలుసు. 2021ల కేంద్రం నిపుణ్ భారత్ తెచ్చింది. మూడో తరగతి అయ్యేసరికి నిమిషానికి కనీసం 60 మాటలు అర్థం చేసుకుంట చదవాలని అందుల లక్ష్యం. 2022ల మన రాష్ట్రంల తొలిమెట్టు మొదలైంది. కాగితం మీద అంతా ఉంది. (మాటల లెక్క గురించి ఒక మాట. తెలుగుల "వచ్చేస్తున్నానన్నాడు" అన్నది ఒక్కటే మాట. ఇంగ్లీషుల అదే నాలుగైదు మాటలు. లెక్కపెట్టేటోళ్లు ఇది గూడ చూడాలె.)

నన్ను బయటపడేసింది ఆరో తరగతిల ఒక సీఆర్టీ మేడం. జీతం ఎప్పుడొస్తదో ఆమెకే తెల్వదు. సాయంత్రం ఆటల టైముల మమ్మల్ని నలుగురిని వరండాల కూచోబెట్టుకునేది. ఆరో తరగతి పుస్తకం పక్కన పెట్టేసింది. మూడో తరగతి పుస్తకంల నుంచి చిన్న ముక్క, యాభై అరవై మాటలది తీసింది. పది మాటలకి ఒకటి కంటె ఎక్కువ తప్పు పోతే ఆ ముక్క మాకు కష్టమని ఇంకోటి తెచ్చేది. ముందు ఆమె చదివేది, మేము వేలు పెట్టి చూసుకుంట వినేవాళ్లం. రెండోసారి ఆమెతోటి కలిసి. తర్వాత ఇద్దరిద్దరం జంటలుగ, ఒకరు చదువుతుంటే ఒకరు వినుడు. చివరికి ఒక్కొక్కరం ఆమె ముందట. నేను ఆగితే ఎంబడే అందించకపోయేది, మనసుల మూడు లెక్కపెట్టి అప్పుడు చెప్పేది. ఆగిన మాటలు పలక మీద రాసేది, మర్నాడు వాటితోటే మొదలు. అదే ముక్క మూడు నాలుగు రోజులు!

"చదివిందే మళ్ళ చదివితే బట్టీ కాదా?" అని అడుగుతరు. బట్టీల కండ్లు పుస్తకం మీద ఉండవు, నా తలకిందుల పుస్తకమే సాక్ష్యం. ఇక్కడ వేలు ప్రతి మాట కింద ఉంటది. ఒక ముక్కల కుదిరిన వేగం నెమ్మదిగ కొత్త ముక్కలకి గూడ వస్తది. 2000 సంవత్సరంల అమెరికాల చదువు మీద పరిశోధనలన్నీ జల్లెడ పట్టిన నేషనల్ రీడింగ్ ప్యానెల్ గూడ ఇదే చెప్పింది. ఒకరు వింట, తప్పులు దిద్దుతుంటే గట్టిగ మళ్ళ మళ్ళ చదివిన పిల్లలకి ధారాళం పెరుగుతది. "పుస్తకం పట్టుకొని ఎవరికి వాళ్లు మనసుల చదువుకోండి" అంటే పెరుగుతదని వాళ్లకి గట్టి రుజువు దొరకలే. దసరా తర్వాత మొదలుపెట్టినం, సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు మా నాయనకి రేషన్ కార్డు మీద ఉన్నదంతా చదివి వినిపించిన.

పోయిన ఎండాకాలం మా గూడెంల నేను ఐదుగురితోటి ఇదే చేసిన. అంతా మంచిగ అయిందని చెప్తే అబద్ధం. పొద్దుగాల పెడితే ఎవరూ రాలే, తునికాకు టైము, తల్లులతోటి పోతరు. సాయంత్రానికి మార్చిన. ఒకడు మధ్యలనే మానేసిండు. ఇంకో పిల్లగాడి మీద ఫోన్‌ల టైము పెట్టి చదివించిన, రోజు రోజుకి మాటలు పెరుగుతుంటే నాకే మురిపెం. ఒకనాడు "ఏరు పొంగింది, పిల్లలు బడికి రాలేదు" అని గడగడ చదివిండు. ఎందుకు రాలేదురా అని అడిగిన. అన్నం వండుతుంటే నీళ్లు పొంగినయట, అందుకు రాలేదట! మన గోండిల యేర్ అంటే నీళ్లే కదా. వాడి తప్పేం లేదు. అర్థం ముందు గోండిల మాట్లాడుకోకుండ నేను టైము ఎంబడి పడ్డ. ఆ రోజు నుంచి ఫోన్ పక్కన పెట్టిన. ముందు కథ మన భాషల, తర్వాత చదువు తెలుగుల.

ఇది నేను కనిపెట్టింది కాదు. 1940లల్ల మార్లవాయిల హైమన్‌డార్ఫ్ గోండి పిల్లల చదువు మొదలుపెట్టించినప్పుడు గోండి వాచకాలే చేయించిండు, గోండు యువకులనే సార్లుగ తయారు చేసిండు. 2009 విద్యాహక్కు చట్టంల సాధ్యమైనంత వరకు మాతృభాషల చెప్పాలని రాసి ఉంది. ఆ "సాధ్యమైనంత వరకు" అన్న మాట కాడనే మన పిల్లలు ఆగిపోతున్నరు.

ఇప్పుడు కొందరన్నలు అంటరు, జీవో 3 గురించి మాట్లాడు చెల్లె, ఈ చిన్న ముచ్చట్లు ఎందుకని. మాట్లాడుత. ఏజెన్సీ బడులల్ల టీచర్ పోస్టులు మనోళ్లకే అని 2000ల వచ్చిన జీవో, 2020 ఏప్రిల్‌ల సుప్రీంకోర్టు కొట్టేసింది. పిల్లగాడు "యేర్" అంటే అర్థమయ్యే సార్ కావాలనే కదా మన కొట్లాట! ధర్నా పెడితే నేనూ వస్త. కానీ పోస్టు మనోళ్లకి వచ్చినా, ఆ మనోడు గూడ 40 మందితోటి గుంపు చదువే చదివిస్తే పాప అక్కడనే ఉంటది. "మనం ఫ్రీగ చెప్తే సర్కారు పోస్టులు నింపదు" అనేటోళ్లకి నా జవాబు ఒకటే. పోస్టు నిండేదాకా ఆగమని ఐదో తరగతి పాపకి చెప్పేది ఎవరు, మీరా?

ఐటీడీఏకి ఇచ్చే వినతిపత్రంల ఈసారి ఇది గూడ పెడదాం: ప్రతి ఆశ్రమ పాఠశాలల రోజూ 20 నిమిషాలు, నలుగురైదుగురు చొప్పున, తరగతి చూడకుండ చదివే స్థాయి చూసి కూచోబెట్టాలి. నెలకోసారి గుంపులు మార్చాలి. లేకుంటే ఒక గుంపుకి "మొద్దుల బ్యాచ్" అని పేరు పడుతది, ఆ పేరు పదో తరగతి దాకా పోదు, నాకు తెలుసు.

దసరా సెలవులకి ఇంటికి పోయేటోళ్లు మీ గూడెం పేరు కింద రాయండి. నా దగ్గర చేత్తో రాసిన 11 చిన్న కథలు ఉన్నయ్, ఫోటోలు పంపుత. కోలాం తమ్ముళ్లు ఎవరన్నా ఉంటే చెప్పండి, ఆ భాషల అర్థాలు నాకు రావు, మీరే రాయాలె. ఆ వీడియో మాత్రం పెట్టినోళ్లు ఈ రాత్రికే తీసెయ్యండి.