సంపాదకుని మాట: పోల్చి చూస్తేనే తెలిసేది

పసుపు ధర పెరిగితే ఆర్మూరు రైతు అది తన ఆరబోత గొప్పదనమా, మార్కెట్ ఊపా అని సాంగ్లీ మార్కెట్ ధర కూడా కనుక్కుంటాడు. ఆసుపత్రుల మెరుగుదలనూ ఇలాగే తూచాలి. పసికందుల మరణాలు తగ్గించాలని రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆరోగ్యశ్రీ ట్రస్టుతో కలిసి యాక్సెస్ హెల్త్ ఇంటర్నేషనల్ సంస్థ 'సేఫ్ కేర్, సేవింగ్ లైవ్స్' అనే కార్యక్రమం నడిపింది. అందులో చేరిన ఆసుపత్రులను చేరని వాటితో పోల్చిన అధ్యయనం 2021లో వెలువడింది. కార్యక్రమం వల్ల మరణాలు తగ్గినట్టు ఆధారం దొరకలేదు. ఉత్తరప్రదేశ్‌లో 120 ప్రసూతి కేంద్రాల్లో కొన్నింటిని మిగతా వాటితో పోల్చి చేసిన ప్రయోగమూ అంతే: చెక్‌లిస్టుతో సిబ్బంది పనితీరు మెరుగుపడింది, మరణాలు మాత్రం తగ్గలేదని 2017లో తేలింది. ఆ పోలికే లేకుంటే రెండు చోట్లా విజయమనే రాసుకునేవాళ్లమేమో.

నర్సులకు ఊపిరాడని చోట ఈ లెక్కలెందుకు, ఆ డబ్బుతో పసికందులను వెచ్చగా ఉంచే మరో వార్మర్ కొనొచ్చు కదా అని కొందరంటారు. న్యాయమైన మాటే, రిజిస్టర్ల బరువు తగ్గాల్సిందే. కానీ ఫలించని పద్ధతిని ఏళ్ల తరబడి నడిపిస్తే ఆ నర్సుల శ్రమే వృథా అవుతుంది. ఫలితం రాలేదంటే సిబ్బంది తప్పనీ కాదు. ఆర్మూరు ప్రభుత్వ ఆసుపత్రిలో ఏ కొత్త పద్ధతి తెచ్చినా, మొదలుపెట్టకముందే పొరుగు ఆసుపత్రుల లెక్కలూ సేకరించాలని, ఫలితం ఏదైనా ప్రజల ముందుంచాలని జిల్లా వైద్యాధికారులను కోరుతున్నాం.